ఒంటేలు సాఫీగా అయిందా?

చక్యాపంప అనే కొండ ఊళ్ళో ఒకరికొకరు ఎదురైతే "బాగున్నారా?" అని పలకరించుకుంటారు. సెఫెరీనో ఒక్కడే "ఒంటేలు సాఫీగా అయిందా?" అంటాడు.

చిన్నా పెద్దా, ఆడా మగా తేడా లేదు. పెళ్ళికూతురు చర్చి మెట్లెక్కుతుంటే ఆపి అడిగాడు. కొత్తగా బదిలీ మీద వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టర్ని అడిగి, ఆ పూటంతా స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకున్నాడా? కాపలా కానిస్టేబుల్ని కూడా అడిగాడు. పొద్దుటినుంచి కుర్చీ వదలని ఆ కానిస్టేబులు ఒక్క క్షణం ఆలోచించి, "పెద్దాయనా, నీకు దణ్ణం పెడతా, నేనొచ్చేదాకా పారిపోకు" అని పెరట్లోకి పరుగెత్తాడు. వయసులో ఉండగా రొట్టెల బుట్ట, సారా సీసా పట్టుకుని పిల్లనడగడానికి వెళ్ళి, పిల్ల తల్లిని పలకరించిన మొదటి మాట కూడా అదేనట. ఆ సంబంధమూ కుదరలేదు, మరో సంబంధమూ రాలేదు.

వీటన్నిటికీ తలదించుకోవాల్సిన మనిషి ఎదెల్మీరా, అతని చెల్లెలు. బస్సులు ఆగే చోట ఆమెకి చిన్న భోజన హోటలుంది. ఆదివారం ఆమె కాల్చిపెట్టే కుయ్ మాంసం కోసం కుస్కో పట్నం నుంచి కూడా జనం వస్తారు. కుయ్ అంటే ఆ కొండల్లో ఇంటింటా వంటింటి నేల మీద తిరిగే జంతువు. తోకుండదు, మెడ ఉందో లేదో తెలియదు, పిడికెడు కుందేల్లా ఉంటుంది. అరుపే దాని పేరు. బొచ్చు పీకి నిప్పుల మీద కాల్చి బంగాళాదుంపలతో పెడితే, ఎంత పెద్దమనిషైనా వేళ్ళు నాకుతాడు.

"అన్నయ్యా, లోకంలో ఇన్ని మాటలున్నాయి. ఎండగా ఉందను, వాన పడేలా ఉందను. పంటలెలా ఉన్నాయను. నీకు ఆ ఒక్క ప్రశ్నే దొరికిందా?" అని ఎదెల్మీరా ఎన్నోసార్లు మొత్తుకుంది.

"ఎండ సంగతి దానికది చూసుకుంటుందే. మనిషికి ఆ మాట తనంతట నోట్లోంచి రాదు. అడగాలి. సరేగానీ నీకు సాఫీగా అయిందా?"

"అయింది, నోర్ముయ్."

అతను బస్సు నడిపిన రోజుల్లోనూ అంతే. మిగతా డ్రైవర్లు నాలుగు గంటల్లో కుస్కో చేరిస్తే సెఫెరీనోకి ఆరు గంటలు పట్టేది. చాటుగా నాలుగు బండరాళ్ళు కనపడితే చాలు, బ్రేకు వేసేవాడు. "దిగండమ్మా, దిగండి! ఆడవాళ్ళు రాళ్ళ వెనక్కి, మగవాళ్ళు రోడ్డుకి ఆ పక్కకి! ఎవరూ తొందరపడక్కర్లేదు, కుస్కో ఎక్కడికీ పోదు!" బస్సు యజమాని నెత్తి బాదుకుని "నేను కొన్నది బస్సా, చక్రాల మరుగుదొడ్డా?" అనేవాడు. పనులున్నవాళ్ళు వేరే బస్సు ఎక్కేవాళ్ళు. ముసలమ్మలూ నెలలు నిండినవాళ్ళూ మాత్రం ఎంతసేపైనా అతని బస్సు కోసమే రోడ్డు పక్కన కూర్చునేవాళ్ళు.

అతను ఉద్యోగం మానేశాక, ఒక శనివారం ఎదెల్మీరా మర్నాటి వంటకి కుయ్‌లని ఏరుతోంది. పొయ్యి పక్కన మూలగా ఒకటి వీపు గూనిగా పెట్టుకుని కదలకుండా ఉంది. ఒంటేలు పోయబోగానే సన్నగా, పొడుగ్గా కీచుమంది. గడ్డి మీద ఎర్రటి చుక్క పడింది.

"ఛీ, రోగిష్టిది. దీన్నెవరికీ పెట్టలేం. పారేస్తా" అంది ఎదెల్మీరా.

పక్కనే సూప్ తాగుతున్న సెఫెరీనో గిన్నె దించి, నేలమీద మోకాళ్ళూని వంగి చూశాడు. "మంటగా ఉందే దీనికి."

"అన్నయ్యా, అది కూర."

"కూరైతే మంట పుట్టకూడదా?"

దాన్నెత్తి, మెడలో తొడుక్కునే ఉన్ని దుప్పటి, ఆ పోంచోలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి దానికి ఫ్లోరిందా అని పేరు కూడా పెట్టాడు. ఊళ్ళో పశువుల వైద్యుడు దాన్ని చూసి పగలబడి నవ్వాడు. "నాకు ఎడ్ల వైద్యం తెలుసు దోన్ సెఫెరీనో. కుయ్‌కి నాకు తెలిసిన వైద్యం ఉప్పూ కారమే." సెఫెరీనో దాన్ని తీసుకుని కుస్కో బస్సెక్కాడు.

అక్కడ పట్నపు కుక్కలకి వైద్యం చేసే నోయెమీ అనే పడుచు డాక్టరు నవ్వలేదు. కుయ్ పొట్ట కింద రెండు వేళ్ళతో మెల్లగా తడిమింది. "మూత్రం సంచిలో రాయి ఉంది మామయ్యా. చుట్టూ సున్నంలా మడ్డి కూడా చేరింది. అల్ఫాల్ఫా గడ్డి పూర్తిగా మాన్పించు. ఎండుగడ్డి పెట్టు, దోసకాయ పెట్టు. నీళ్ళు ఎంత పట్టిస్తే అంత మంచిది."

"కోసి తీసెయ్యలేవా అమ్మా?"

"ప్రాణం చిన్నది, మత్తుకి తట్టుకోకపోవచ్చు. ఆడది కాబట్టి చిన్న రాయైతే తనంతట తనే బయటికి రావచ్చు. నొప్పికీ చీముకీ చుక్కల మందు ఇస్తా. ఓపిగ్గా చూసుకోవాలి."

"అది నాకొదిలెయ్యమ్మా. ఓపిగ్గా ఆగడమే నా ఉద్యోగం" అన్నాడు సెఫెరీనో. వచ్చేముందు ఆమెని కూడా అడిగాడు. ఆమె పొద్దుటినుంచి వెళ్ళలేదట.

ఇక చూడాలి అతని సేవ. సూది తీసేసిన సిరంజితో ఫ్లోరిందా బుగ్గ పక్కనుంచి చుక్క చుక్కగా నీళ్ళు పట్టేవాడు. కింద తెల్లగుడ్డ పరిచి, తడిసిన చోటల్లా ఎండలోకి పట్టుకుని రంగు చూసేవాడు. ఎండాక సుద్దలా తెల్లగా రాలితే మొహం మాడ్చుకునేవాడు. వెనకభాగం తడిగా ఉంటే పుండు పడుతుందని, గోరువెచ్చటి నీళ్ళతో తుడిచి, ఉన్నిగుడ్డతో అద్ది, కడుపుకి హత్తుకుని కూర్చునేవాడు. ఎక్కడికి వెళ్ళినా పోంచోలోంచి ఒక మూతి బయటికి కనపడుతూ ఉండేది.

చర్చికీ అలాగే వెళ్ళాడు. ఫాదర్ రొట్టె పైకెత్తి పట్టుకున్నారు. అందరూ తలలు వంచారు. ఈగ వాలితే వినపడేంత నిశ్శబ్దం. అంతలో అతని పక్కనే కూర్చున్న మేయరు భార్య దోన్యా ఇల్దౌరా కెవ్వుమంది. ఆవిడ కొత్త పావడా మీద వెచ్చగా ఏదో కారుతోంది. సెఫెరీనో బెంచీ మీంచి లేచి నిలబడి, రెండు చేతులా ఫ్లోరిందాని పైకెత్తి, "పోసింది! ధారగా పోసింది! ఏడవకుండా పోసింది!" అని అరిచాడు. ఫాదర్ అలవాటు కొద్దీ "ఆమెన్" అన్నారు. జనమందరూ "ఆమెన్" అన్నారు.

ఆదివారాలు ఎదెల్మీరా హోటల్లో మూల బల్ల దగ్గర ఫ్లోరిందాని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. పళ్ళెంలో కాల్చిన కుయ్, ఎదురుగా దోసకాయ నములుతూ తమనే చూస్తున్న కుయ్. ఎవరికి ముద్ద దిగుతుంది? కొండంత లారీ డ్రైవరొకడు చాలాసేపు తటపటాయించి, "అమ్మా, గుడ్డుంటే వేసివ్వండి" అన్నాడు.

"నా వ్యాపారం ముంచడానికే పుట్టావు" అని అన్న మీద విరుచుకుపడేది ఎదెల్మీరా.

"సరేలే, నీకు సాఫీగా అయిందా?"

"అయిందని చెప్పానా!"

అవలేదు. అన్నిసార్లూ ఆమె చెప్పింది అబద్ధమే. హోటల్లో మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. అక్కడికి వెళ్ళాలంటే తింటున్న మగవాళ్ళందరి ముందునుంచీ నడవాలి. అందుకని ఆమె పొద్దున్నుంచి పొయ్యి దగ్గరే నిలబడి, నీళ్ళు తాగడమే మానేసింది. ఆ వానాకాలం నుంచి నడుములో పోటు. కొన్నాళ్ళుగా వెళ్ళినప్పుడల్లా మంట, ఎరుపు. ఒకరోజు సెఫెరీనో తెల్లగుడ్డని ఎండలోకి పట్టుకుని "చూడవే, మళ్ళీ ఎర్రగా వచ్చింది" అని చూపించాడు. ఆ ఎరుపు ఆమెకి తెలిసిన ఎరుపే. "నాకెందుకు చూపిస్తావు అవన్నీ" అని కసిరి లోపలికి వెళ్ళిపోయింది.

ఒకనాడు ఫ్లోరిందాకి కందిగింజంత రాయి పడింది. సెఫెరీనో దాన్ని అరచేతిలో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. దోన్యా ఇల్దౌరా ముక్కు మూసుకుంటూనే వంగి చూసి, "పాపం, ఇంత చిన్న ప్రాణం ఇంత రాయిని ఎలా మోసిందో!" అంది. పశువుల వైద్యుడు కూడా టోపీ తీశాడు. ఆ వారం ఫ్లోరిందా గంతులు వేసింది. సెఫెరీనో కూడా వేశాడంటారు.

కానీ లోపల ఇంకో రాయి పెరుగుతోంది. అది పెద్దది. ఫ్లోరిందా తిండి మానేసింది. దోసకాయ ముక్క మూతి దగ్గర పెడితే వాసన చూసి మొహం తిప్పుకునేది. నోయెమీ మళ్ళీ తడిమి చూసింది. "ఇప్పుడు కోస్తే బల్లమీదే పోతుంది మామయ్యా. నొప్పి తెలియకుండా మందిస్తా. ఇంటికి తీసుకెళ్ళు" అంది.

మర్నాడు పొద్దున వాకిట్లో ఎండ పడే చోట సెఫెరీనో గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. ఎదెల్మీరా రొట్టె ఇవ్వడానికి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఒళ్ళో తెల్లగుడ్డ మీద ఫ్లోరిందా వీపు వంచి కూర్చుని ఒంటేలు పోయాలని చూస్తోంది. రావడం లేదు. కీచుమనే ఓపిక కూడా లేదు. సెఫెరీనో దాని చెవుల మధ్య వేలితో నిమురుతూ చెబుతున్నాడు:

"పరవాలేదమ్మా, పరవాలేదు. తొందరేం లేదు. ఎంతసేపైనా సరే. నీ కోసం బస్సు ఆపే ఉంచాను."

ఎండ గోడ మీంచి దిగేసరికి ఫ్లోరిందా పోయింది. గుడ్డ పొడిగానే ఉంది.

కుయ్ చస్తే చక్యాపంపలో ఎవరూ ఏడవరు. అది వాళ్ళకి తెలియని పని. కానీ సెఫెరీనో పెరట్లో గొయ్యి తవ్వుతుంటే ఆ దారిన పోతున్న ఫాదర్ ఆగి, ఏం చెయ్యాలో తోచక, టోపీ తీసి చేత్తో పట్టుకుని పని అయ్యేదాకా నిలబడ్డారు.

ఆ తర్వాత ఊళ్ళో ఒక వింత జరిగింది. సెఫెరీనో సంతలోకి వచ్చాడు. దోన్యా ఇల్దౌరా ఎదురైంది. ఏమంటాడో తెలుసు కాబట్టి ఆవిడ ముందే మొహం చిట్లించుకుని సిద్ధంగా ఉంది.

"బాగున్నారా?" అన్నాడు సెఫెరీనో.

ఆవిడ చేతిలో సంచీ జారి ఉల్లిపాయలు దొర్లాయి. తిన్నగా ఎదెల్మీరా హోటలుకి పరుగెత్తింది. "ఎదెల్మీరా! మీ అన్నయ్య నన్ను బాగున్నారా అని అడిగాడే! వెంటనే వెళ్ళి చూడు, ఆ మనిషికేదో అయింది!"

అందరినీ అలాగే అడుగుతున్నాడని తెలిసింది. కానిస్టేబులు పనిమాలా రెండుసార్లు అతని ముందునుంచి నడిచాడు. "బాగున్నావా నాయనా" అనే అన్నాడు. కానిస్టేబులు దిగులుగా స్టేషన్‌కి వెళ్ళిపోయాడు.

ఎదెల్మీరా పొయ్యి మీద గిన్నెలు అలాగే వదిలేసి, సూప్ పట్టుకుని అన్న ఇంటికి వెళ్ళింది. అతను మంచం అంచున కూర్చుని ఖాళీ చేతులు చూసుకుంటున్నాడు. తలెత్తి, "బాగున్నావా చెల్లీ?" అన్నాడు.

ఆమెకి ఒక్కసారిగా ఏడుపొచ్చింది. "బాగాలేను. నువ్వడిగేది అది కాదు. నువ్వెప్పుడూ అడిగేదే అడుగు."

"ఎందుకే? అడిగి అడిగి ఏం బాగుచేశాను? ఆ పిచ్చిదాన్ని రోజుకి వందసార్లు అడిగాను. కాపాడుకున్నానా?"

"నన్ను అడగరా అన్నయ్యా!"

అతను వింతగా చూశాడు. అలవాటు లేనివాడిలా నెమ్మదిగా, "ఒంటేలు... సాఫీగా అవుతోందా?" అన్నాడు.

"లేదు. ఎర్రగా వస్తోంది. వానాకాలం నుంచీ."

సెఫెరీనో లేచి నిలబడ్డాడు. "రోజూ అడిగాను కదే!"

"రోజూ అబద్ధమే చెప్పాను."

అతను తిట్టలేదు. టోపీ పెట్టుకున్నాడు, పోంచో వేసుకున్నాడు, ఆమె చేతిలో సూప్ గిన్నె తీసి పక్కన పెట్టాడు. వచ్చిన మొదటి బస్సులో కుస్కో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. కుడి మూత్రపిండం దగ్గర రాయి అడ్డం పడింది. ఇంకొన్నాళ్ళు దాచి ఉంటే ఆ మూత్రపిండం పనికి రాకుండా పోయేదని డాక్టర్లు చెప్పారు. రాయి తీసేశారు. తీసిన రాయిని తనకిమ్మని సెఫెరీనో అడిగితే, ఊరంతా చూపిస్తాడని ఎదెల్మీరా ఇవ్వనివ్వలేదు.

లేచి కూర్చోగలిగిన రోజున, ఆస్పత్రి వరండాలో బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"అన్నయ్యా, అసలు ఈ పిచ్చి నీకెప్పుడు పట్టింది?"

"నీకు తెలీదూ?"

"నాకేం తెలుసు?"

"నీ పసుపు పావడా" అన్నాడు సెఫెరీనో.

ఎదెల్మీరా చటుక్కున అన్న వైపు తిరిగింది. ఆ సంగతి ఈ భూమ్మీద తనకి తప్ప మరొకరికి తెలియదనుకుంది. అప్పుడు తను పధ్నాలుగేళ్ళ పిల్ల. మొదటి కొత్త పావడా. కుస్కోలో బంధువుల ఇంట్లో నామకరణానికి వెళ్తున్నారు. బస్సు ఆపమని ఒక్కసారి అడిగింది. డ్రైవరు "బిగపట్టుకో" అన్నాడు. బస్సంతా నవ్వింది. మళ్ళీ అడగలేకపోయింది. చివరికి సీట్లోనే అయిపోయింది. ఇక లేచి నిలబడితే ఇంతే సంగతులు అనుకుంటుండగా, పక్కనున్న అన్న ఒళ్ళోంచి మొక్కజొన్న కల్లు కుండ ఒరిగి ఇద్దరి మీదా కుమ్మరించుకుపోయింది. బస్సంతా వాణ్ణి తిట్టింది. అమ్మ అక్కడే నాలుగు వాయించింది. చెల్లెలి పావడా ఎందుకు తడిసిందని ఎవరూ అడగలేదు.

"దేవుడే నీ చెయ్యి జారేలా చేశాడనుకున్నాను, ఇన్నేళ్ళూ" అంది ఎదెల్మీరా.

"జారడమేంటే?" సెఫెరీనోకి రోషం వచ్చింది. "కుండ మూతికి గుడ్డ కట్టి లేదూ? కట్టింది ఎవరనుకున్నావు? అమ్మ! పళ్ళతో పీకాను, గోళ్ళతో పీకాను. నువ్వేమో ఏడుపు మొదలెడుతున్నావు, ముడి ఊడి చావదే! ఆ కుదుపుల్లో ఎన్ని తిప్పలు పడ్డానో నాకు తెలుసు. చెయ్యి జారిందట, చెయ్యి!"

ఎదెల్మీరా నవ్వింది. ముందు ఏడుస్తూ నవ్వింది, తర్వాత నడుం పట్టుకుని నవ్వింది, ఆపుకోలేకపోయింది. "ఊరుకోరా, కుట్లు లాగుతున్నాయి... ఊరుకో..." అని, ఉన్నట్టుండి అన్న భుజం గట్టిగా పట్టుకుంది. "లేవదియ్యి. అర్జెంటు!"

సెఫెరీనో బస్సు నడిపిన గొంతుతో వరండా అదిరేలా అరిచాడు: "జరగండి బాబూ, జరగండి! మా చెల్లెలు వెళ్ళాలి!"

రోగులు కాళ్ళు ముడుచుకున్నారు, నర్సులు గోడకి అంటుకున్నారు, పెద్ద డాక్టరు ఫైళ్ళతో సహా పక్కకి తప్పుకున్నాడు. ఎదెల్మీరా అన్న భుజం మీద చెయ్యేసి, పెళ్ళికూతురిలా రెండు పక్కలా తలూపుతూ, వరండా మధ్యలోంచి నడిచింది.