‘భోజనం తర్వాత’ అన్న ముద్ర

2002లో గ్రేడ్-2 ఫార్మసిస్టుగా నన్ను సోమందేపల్లె దాపునున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేశారు. వైద్యాధికారి ఓపీ చీటీలో రాసిన మాత్రలను కాగితపు కవర్లో పోసి, ఎప్పుడు వేసుకోవాలో పైన రాసి ఇవ్వడం నా విధి. ఏ మాత్రకైనా ‘భోజనం తర్వాత’ అని రబ్బరు ముద్ర వేయడం అక్కడ మొదటినుంచీ ఉన్న పద్ధతి. కడుపులో మంట రాకుండా చాలా మందులకు అది మేలే కనుక నేనూ కొనసాగించాను.

గొర్రెలు కాచుకునే హనుమంతప్పకు మూర్ఛవ్యాధి. రాత్రికొక ఫినోబార్బిటోన్ మాత్ర. దానికి తిండితో నిమిత్తం లేదు. హఠాత్తుగా మానితే మాత్రం మూర్ఛ తిరగబెడుతుంది. ఒక్క రాత్రీ మానరాదని ప్రతిసారీ నోటితో చెప్పేవాణ్ణి.

“మూర్ఛ పోయినాది సార్, ఈ మాత్ర మత్తుకు నిద్ర వదల్లేదు. ఇప్పుడు గొర్రెలే నన్ను కాస్తాండాయి” అని నవ్వేవాడు.

“ముందు మాత్రం నువ్వు కాసినావా?” అనేది భార్య నారాయణమ్మ. ఐదో తరగతి చదివిన ఆమే కవరు చదివి అతనికి మాత్ర ఇచ్చేది.

ఆ ఏడు వానల్లేక వేరుశనగ విత్తనం సంచుల్లోనే ఉండిపోయింది. వాన పడేదాకా రాత్రిపూట అన్నం ముట్టరాదని వాళ్ళ ఊరంతా ఒక్కపొద్దు పట్టింది. ఆ రోజుల్లోనే ఒక ఉదయం, మందను తోలుకుపోయిన హనుమంతప్ప మూర్ఛ వచ్చి, గట్టు లేని ఎండుబావిలో పడి చనిపోయాడు.

దినాలయ్యాక నారాయణమ్మ తన అన్నతో వచ్చి, మిగిలిన మాత్రలు నా బల్ల మీద పెట్టింది.

“మింగుతానన్యాడు సార్. నేనే వద్దంటి. అన్నం తిన్నాక అని ముద్ర ఉండాది కదా. వట్టి కడుపున మింగితే పేగులు కాల్తాయనుకుంటి.”

మానరాదని చెప్పిన సంగతి గుర్తుచేశాను.

“నోటిమాట మరిచిపోతామనే గదా సార్, మీరు రాసిచ్చేది?” అంది. తినకుండా మింగినా ఏమీ అయ్యేది కాదా అని అడిగింది. ఏమీ అయ్యేది కాదని చెప్పాను. అన్న చెయ్యిపట్టి లేపితే లేచింది.

వైద్యాధికారి అనుమతితో ఆ ముద్ర వాడకం ఆపించాను. మూర్ఛ మాత్రల కవరు మీద ‘తిన్నా తినకున్నా రాత్రి తప్పక వేసుకోవాలి’ అని చేత్తో రాయసాగాను. తర్వాత నా దగ్గర శిక్షణకు వచ్చినవారికి ఇదే చెప్పాను: కవరు మీద వేళ రాసేముందు, ఆ ఇంట్లో ఏ రోజుల్లో తినరో అడగాలి. ఆ ప్రశ్న మర్యాద కోసం కాదు, ఫార్మసిస్టు విధిలో భాగం.