చెన్నకేశవులుగారి మతిమరుపు మిషను

ఒకరి గుట్టు తన కంట పడకూడదు, చెవిన పడకూడదు. నంద్యాల చెన్నకేశవులుగారికి జీవితంలో ఉన్న పట్టుదల ఇదొక్కటే. టైపు ఇన్‌స్టిట్యూటు నడిపిన రోజుల్లో, వాడిన కార్బను కాగితాలపై అక్షరాలు కనబడతాయని, ప్రతి సాయంత్రమూ వాటిని పెరట్లో తగలబెట్టేవారు. పక్కింటి నరసమ్మ, ఆరేసిన చీరల మసి దులుపుకుంటూ, వీధంతా వినబడేలా ఆయనను దీవించేది.

రెండువేల ఆరు నాటికి ఆ గదిలోనే ఇంటర్నెట్టు సెంటరు వెలిసింది. ఊరంతా వాడే సిస్టమును ఆయన ముట్టలేదు. ఏరికోరి లినక్సు అనే వేరే సిస్టము సీడీ ఒకటి తెచ్చారు. కంప్యూటరు ఆ సీడీతోనే లేస్తుంది. ఆపగానే జరిగినదంతా మరచిపోతుంది.

ఈ సంగతి ఆళ్లగడ్డ అంగన్‌వాడీ టీచరు జయలక్ష్మికి తెలియదు. ఒకప్పుడు ఆయన వద్దే టైపు నేర్చినామె. భర్త పోయి ఆరేళ్లు. కర్నూలు పంతులొకాయన పెళ్లి చేసుకుందామని అడిగాడు. ఇంటికి వచ్చే ఉత్తరాలు మరిది మహేశ్వర్ విప్పి చదువుతాడు. జవాబు చేరకముందే అతనికి తెలిస్తే సంబంధం మొదట్లోనే విరుగుతుంది. అందుకే ఒక ఆదివారం బస్సెక్కి వచ్చి, సగం జవాబు టైపు చేసి, మిగతాది వచ్చేవారం చూద్దామని కంప్యూటరులోనే దాచి వెళ్లింది.

తిరిగి వచ్చి చూస్తే అక్షరం లేదు! జయలక్ష్మి ఆయన వద్దకు పరుగెత్తింది.

"సార్, నా ఉత్తరం యాడ పోయింది?"

"పోయింది గదా? శానా మంచిదమ్మా!"

"మంచిదా! రెండు గంటలు రాసినా సార్!"

"ఏం రాసినావో మాత్రం చెప్పాకు!" అంటూ ఆయన చెవులు మూసుకున్నారు.

ఆమె తెరిచిన నోరు మూయకముందే గుమ్మంలో మరిది గొంతు వినబడింది. జయలక్ష్మి చెక్క అడ్డు వెనక్కు ఒదిగింది.

"ఏమప్పా, పోయిన ఆదివారం మా వదిన జయలక్ష్మి ఈడికొచ్చిందంట. ఏం రాసిందో చూపించు."

"వచ్చింది నాయనా, ఈ మిషను ముందరే కూచునింది. రా, కూచో, ఎంతసేపైనా చూడు."

జయలక్ష్మి అడ్డు సందులోంచి చూసింది. అక్షరాలు నేర్పిన గురువే గొంతు కోశాడే!

మహేశ్వర్ ఉన్న మీటలన్నీ నొక్కాడు, రెండేసి మార్లు.

"ఏందప్పా ఇది? ఈ బాతు బొమ్మ తప్ప ఏం లేదే!"

"బాతు కాదు నాయనా, పెంగ్విన్ను, లినక్సు గుర్తు. అదీ ఏం చెప్పదు."

"దిక్కుమాలిన మిషను!" అని తిట్టుకుంటూ మహేశ్వర్ వెళ్లిపోయాడు.

జయలక్ష్మి ఇవతలికి వచ్చింది. "నేను రాలేదని ఒక్క మాట చెప్పుంటే సాలు గదా సార్! నా పానం పోయింది."

ఆయన తల వంచుకున్నారు. "అబద్ధం చెప్పనీక నాకు నోరు రాదమ్మా. ఈడికి ఆడపిల్లోళ్లు వచ్చిపోతాంటారు, ఎనకాల్నే ఎవరో ఒకరు వచ్చి అడుగుతాంటారు. నిజం చెప్తే మీకు కష్టం. అందుకే నాకూ తెలీకుండా, మిషనుకూ తెలీకుండా చేసుకుంటి."

ఆమె మళ్లీ కూర్చుంది. ఈసారి సగంలో ఆపలేదు. ఒక్క ఊపున జవాబంతా రాసి, ఈమెయిలు పంపే మీట నొక్కింది.

"సార్, మీరు మాత్రం మా పెళ్లికి..." అంటూ తల తిప్పి చూసేసరికి, ఆయన అప్పటికే చెవులు మూసుకుని వీధి మలుపు దాటిపోతున్నారు. చెప్పులు గడప వద్దే ఉన్నాయి.