అరవై నిమిషాల క్యాసెట్

పోయిన ఆదివారం మాదాపూర్‌లో ఒక హోటల్ నాలుగో అంతస్తులో పాత ఇంగ్లీషు పాటలతో మధ్యాహ్నం భోజనం పెట్టారు. వచ్చిన వాళ్లందరం యాభై దాటిన వాళ్లమే. జుట్టుకు రంగు, పొట్ట మీద బిగుసుకున్న నల్ల టీషర్టు. ఏడుగురం పోయి ఆరుగురి లెక్కన కూర్చున్నాం, ఆ బేరం నాదే. స్టీలు సామాన్ల దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ని, దవాఖానలో కూడా "ఆఖరికి ఎంత?" అని అడిగే రకం. సాఫ్ట్‌వేర్ పిల్లల బ్యాండు మేం కాలేజీలో విన్న పాటలన్నీ వరసపెట్టి వాయిస్తోంది. నా మిత్రులు కళ్లు మూసుకుని, మాటలు గుర్తురాని చోటల్లా మూలుగుతూ పాడుతున్నారు. అంతలో ఆ పాట ఎత్తుకున్నారు. మొదట పియానో ఒక్కటే నడిచి, ఆఖర్న డ్రమ్ములు కలిసే నిదానమైన పాట. గొంతు పైకి లేచే చోట నేను చెంచా కింద పెట్టేశాను. పాట ఆగలేదు. లోకంలో ఎవరింట్లోనూ అది అక్కడ ఆగదు. మా అక్క ఇంట్లో మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఆగింది. ఆపింది నేనే.

మా అక్కకు సంబంధం కుదిరినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. కాబోయే బావది ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం. చెవుల మీదికి జుట్టు, అలమారా నిండా ఇంగ్లీషు పాటలు. మా ఇంట్లో పాటంటే పొద్దున దుకాణంలో మోగే రేడియో, అదీ మొదటి గిరాకీ వచ్చేదాకానే. నిశ్చితార్థం అయిన వారానికి ఆయన నన్ను పక్కకు పిలిచి మడిచిన కాగితమొకటి చేతిలో పెట్టాడు. అప్పట్లో రికార్డింగ్ షాపులుండేవి, పాటల పట్టీ రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవారు. "తొంభై నిమిషాలది తీస్కో బామ్మర్దీ. ఆఖరి పాట మంచిగ రావాలె. గది మీ అక్క కోసం," అన్నాడు. ఇంగ్లీషు ముక్క రాని మా అక్క కోసం!

షాపాయన పట్టీ చూసి తల అడ్డంగా ఊపాడు. నా చూపు అరవై నిమిషాల క్యాసెట్ మీద, దాని ధర మీద ఉందని పసిగట్టాడు.

"గిన్ని పాటలు అరవైల పట్టయి తమ్మీ."

"ఎందుకు పట్టయన్నా? మా నాయిన గిన్నెల గిన్నె పెట్టి దుకాణమంత ఒక్క అటక మీద సదురుతడు."

"పాటల పాట పెట్టరాదు బిడ్డా."

"నడుమ సందులు తగ్గియ్యి. ఒకటో రెండో పాటలు తీసెయ్యి, ఎవరికి ఎరుక?"

అరగంట వాదించి ఆయన ప్రాణం తీశాను. చివరికి విసిగిపోయి సరేనన్నాడు. మిగిలిన పైసలతో ఎదురుగా బండి దగ్గర మిర్చీలు తిన్నాను. లోపల ఆఖరి పాట సగంలోనే టేపు అయిపోయిన సంగతి నాకు తెలియదు.

పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం మధ్యాహ్నం బావ ఆ క్యాసెట్ పెట్టాడు. ఆఖరి పాటలో గొంతు పైకి లేచింది, టక్కుమని టేప్‌రికార్డర్ మీట ఎగిరింది, ఇల్లంతా నిశ్శబ్దం. నేను చెప్పులు వెతుక్కుంటున్నాను. బావ నన్ను చూశాడు, పొయ్యి దగ్గరున్న అక్కను చూశాడు. ఆ నిశ్శబ్దంలోకి అదే రాగంలో, పాటలో మిగిలిన మాట అదేనన్నట్టు, అక్క పేరు పెట్టి పిలిచాడు. "షురువైంది ఈయనది," అంటూ అక్క మొహం తిప్పుకుంది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో అదొక ఆనవాయితీ. ఆదివారం, పప్పు ఉడుకుతున్న వాసన, టక్కు, ఆ వెనకే అక్క పేరు. అక్కకు పాటతో పనిలేదు, టక్కు కోసమే చెవి ఒగ్గి ఉండేది. "ఈ పిసినారి చేతిల పడి పాటగాని గొంతే కోసుకపాయె," అని బావ వచ్చిన చుట్టాలందరికీ చెప్పేవాడు. వేరే క్యాసెట్ తెస్తానంటే మాత్రం కసిరేవాడు.

తర్వాత బావ గచ్చిబౌలిలో కంప్యూటర్ కంపెనీకి మారాడు, మదీనాగూడలో ఫ్లాట్ కొన్నాడు. యాభై ఏడో ఏట ఒక పొద్దున ఆఫీసు బస్సు దిగి, రోజూ పోయే బిల్డింగు ఏదో తెలియక ఆ అద్దాల గోడల మధ్య నిలబడిపోయాడు. మతిమరుపు జబ్బన్నారు. ముందు పొద్దున తిన్నది పోయింది, తర్వాత పిల్లల మొహాలు పోయాయి. అక్కను "ఏమమ్మా" అని, దారిన పోయేవాళ్లను పిలిచినట్టు పిలిచేవాడు. తర్వాత ఆ పిలుపూ లేదు, మాటే లేదు. "నా పేరు ఒక్కసారి అంటె సాలు తమ్మీ. ఇగ ఏమడగ," అంది అక్క. ఆమె కూరగాయల బండి దగ్గర కూడా బేరమాడి ఎరగదు.

పాత పాటలు వినిపించి చూడమని డాక్టరు అన్నారు. ఆ క్యాసెట్ ఎప్పుడో చిక్కుపడి తెగిపోయింది. నేను ఫోన్‌లో పాట వెతికి పట్టి, మంచి స్పీకరొకటి బేరమాడి కొని, ఆదివారం మధ్యాహ్నం పోయాను. పాత పాపం కడుక్కుంటున్నట్టే ఉంది నాకు. బుస లేదు, గరగర లేదు, పాట నిండుగా ఉంది. అక్క పొయ్యి ఆపి వచ్చి బావ ఎదురుగా కూర్చుంది. పియానో మొదలవగానే ఆయన వేలు కుర్చీ చేతి మీద ఆడింది. తలెత్తాడు. గొంతు పైకి లేచిన చోట అక్క వైపు తిరిగాడు. పెదాలు విడ్డాయి, గొంతులో ఏదో కదిలింది.

టక్కు రాలేదు. పాట ముందుకు సాగిపోయింది. ఆ ఇల్లు ఎన్నడూ వినని డ్రమ్ములు ధనధనమంటూ వచ్చిపడ్డాయి. బావ ఉలిక్కిపడి స్పీకరు వంక చూశాడు. తన వంతు ఇంకొకరు లాక్కుంటే మర్యాదస్తుడు తగ్గినట్టు, తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు. "ఆపురా!" అని అక్క అరిచింది. కంగారులో నేను శబ్దం ఇంకా పెంచాను.

మళ్లీ పెట్టి సరిగ్గా అక్కడ ఆపాను. వేలు కదల్లేదు. మళ్లీ పెట్టాను. ఎన్నిసార్లు పెట్టానో. ఆఖరికి నాలుకతో "టక్" అని కూడా అన్నాను. యాభై రెండేళ్ల మనిషిని, బావ ముందు గొంతుక్కూర్చుని టక్కు, టక్కు అంటున్నాను. అక్క లేచిపోయి పొయ్యి వెలిగించింది. అటు తిరిగే అంది: "పుట్టినకాడికెల్లి అన్నీ తక్కువే తెస్తివి తమ్మీ. ఈ ఒక్కసారి నిండ తెచ్చినవ్."

తర్వాత కూడా ఆదివారాలు పోయాను. ఇప్పుడు స్పీకరు చూస్తేనే బావ కళ్లు మూసుకుంటాడు. అక్క ఇక రమ్మనడం లేదు, వద్దనడమూ లేదు.

హోటల్లో పాట అయిపోయి చప్పట్లు మోగాయి. "ఏందిరా, కండ్లల్ల నీళ్లు?" అన్నాడు పక్కనున్న మిత్రుడు. మిర్చి కారమన్నాను. కాలం ఆ ఇంటికి ఒక పేరు పట్టేంత ఖాళీ ఒక్కటే మిగిల్చింది, దాన్ని కూడా నేను నింపేసి వచ్చాను.