సంతకానికి ముందు బన్ను

ఇర్మెలీ బన్నులు కాల్చడం మానేసి నెలయింది. ఎవరడిగినా నడుము నొప్పి అంటుంది. ఉత్తర ఫిన్లాండ్‌లోని ఓ ఆసుపత్రిలో, కొత్త మందుల పరీక్షకు వచ్చేవాళ్ళ దగ్గర అనుమతి సంతకాలు తీసుకునే నర్సు ఆమె. పొట్టి మనిషి. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, వేళ్ళకు దాల్చినచెక్క వాసన. వచ్చినవాళ్ళ కోటు అందుకుని తనే తగిలించేది, కాఫీ పోసేది, వేడి బన్ను చేతికిచ్చేది. వాళ్ళు దాన్ని సగం తినేసరికి కాగితం తీసి, "ఇష్టం లేకపోతే వద్దనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు" అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివేది. ఒక్క మాటా మింగేది కాదు. అయినా పదకొండేళ్ళలో ఒక్కరూ వద్దనలేదు. "నీ చేతిలో ఏదో మహిమ ఉంది," అని పెద్ద డాక్టరు అంటే సిగ్గుతో ఎర్రబడిపోయేది.

నెల కిందట ఓ రోజు వార్డు వంటగదిలో ఓవెన్ మొరాయించింది. బన్నులు ఆలస్యమవుతాయని ఇర్మెలీ కాగితమే ముందు చదివింది. అడవిలో దుంగలు కొట్టి రిటైరైన తావెత్తి అనే ముసలాయన టోపీ ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

"వద్దనొచ్చా? అయితే నాకొద్దమ్మా."

"అలాగే తావెత్తి గారూ, దాందేముంది," అంది ఇర్మెలీ. మనస్ఫూర్తిగానే అంది. అంతలో బన్నులు వచ్చాయి. పళ్ళెం ఆయన ముందుకు జరిపింది. ఆయన రెండు చేతులూ టోపీ కింద దాచుకున్నాడు.

"తినండి, మీకోసమే."

"భలేదానివమ్మా! సంతకం పెట్టకుండా ఎలా తింటాను?"

ఆమె వెనక బీరువా నిండా పదకొండేళ్ళ సంతకాలున్నాయి, చాలావాటి మీద వెన్న మరకలతో. ఇర్మెలీ అటు తిరగలేకపోయింది.