పాత పంపు, కొత్త ఇంజెక్టర్లు

తిరుపతిలో నాకు కార్ల షెడ్డు ఉంది. ఆ రోజు చిత్తూరు నుంచి బస్సులో వస్తూ, కొత్త ఇంజెక్టర్ల పెట్టె ఒళ్లో పెట్టుకొని చూసుకుంటున్నాను. రేసుల కోసం పెద్ద టర్బో బిగించిన ఒక కారుకు, పూర్తి వేగంలో పెట్రోలు చాలడం లేదు. ఇవి వేస్తే సరిపోతుందని నా ధీమా.

పక్క సీట్లో కూర్చున్న రైతమ్మ, "ఏంది నాయనా అవి?" అని అడిగింది.

"ఇంజిన్లోకి పెట్రోలు చిమ్మేవి అమ్మా. పాతవాటికన్నా పెద్దవి."

"మరి పెట్రోలు తోసే మోటారు?"

"పాతదే."

ఆమె తల అడ్డంగా ఊపింది. "మా మామిడితోటలో నేనూ అట్లే చేసినా. డ్రిప్పు పైపుల బొక్కలు పెద్దవి చేసి, మోటారు మార్చలే. కడగొట్టు వరసలో సెట్లన్నీ ఎండిపోయినాయి. ముందు మోటారు సూడు."

ఆమె చంద్రగిరిలో దిగిపోయింది. నేను షెడ్డుకు పోగానే పెట్రోలు ప్రెషరు కొలిచే గేజీ బిగించి చూశాను. ఇంజిన్ను గట్టిగా లాగించేసరికి పెట్రోలు ప్రెషరు పడిపోయింది. ఆ పాత పంపుతోనే ట్రాకు మీదికి పంపి ఉంటే, పెట్రోలు చాలక ఇంజిన్ వేడెక్కి పిస్టన్లు కరిగిపోయేవి. పెద్ద పంపు, లావు పైపు వేశాకే ఇంజెక్టర్లు బిగించాను.

రేసు గెలిచి వచ్చిన కారు ఓనరు, "పంపు సంగతి ఎవురు సెప్పినారన్నా? ఎవురన్నా ఇంజనీరా?" అని అడిగాడు.

"అవునప్పా," అన్నాను.