లాభంతో మొదలైన లెక్క

ఆ రోజు కొబ్బరికాయల కొట్టులో తప్పు నాదేనని నాకు తెలుసు. చెప్పలేదు. దాని మూలంగా సువార్త అనే అమ్మాయి పని పోయింది.

దయ్యాలనీ శాపాలనీ నేనెప్పుడూ నమ్మలేదు. కంప్యూటర్లు బాగుచేసి బతికినవాణ్ణి. పాడైన ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందనేదే నా నమ్మకం. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అమలాపురంలో నాకు కంప్యూటర్ సెంటర్ ఉండేది. సువార్త నా దగ్గరే నేర్చుకుంది. అంబాజీపేటలో ఒక షావుకారుగారి కొట్టులో ఆపరేటరుగా నేనే పెట్టించాను. వాళ్లింట్లో జీతం తెచ్చే మనిషి ఆ అమ్మాయి ఒక్కతే.

ఒక ఉదయం షావుకారుగారు ఫోన్ చేశారు. లెక్కల షీట్లు తెరిచే ప్రోగ్రామ్ ఒకసారి మెరిసి మూసుకుపోతోందట. లోడైన లారీలు బిల్లుల కోసం ఆగి ఉన్నాయట.

వెళ్లి చూస్తే కారణం తొందరగానే దొరికింది. వరస నంబర్లు సరిచూడటానికి నేను రాసిపెట్టిన చిన్న ఫైలు ఒకటి ప్రోగ్రామ్‌తో పాటే తెరుచుకునేది. నంబరు ఉండాల్సిన చోట నంబరు లేకపోతే మొత్తం ప్రోగ్రామే మూసుకుపోయేలా అందులో పొరపాటు చేశాను. మా వైపు కాయల లెక్క ఒకటితో మొదలుపెట్టరు. "లాభం, రెండు, మూడు" అంటారు. షావుకారుగారు పట్టుబట్టడంతో ముందురోజు సువార్త మొదటి గడిలో ఒకటి బదులు ఇంగ్లీషు అక్షరాల్లో "లాభం" అని కొట్టింది.

నా ఫైలు తీసేయగానే ప్రోగ్రామ్ తెరుచుకుంది. ఏమైందని షావుకారుగారు అడిగారు.

"అమ్మాయి ఏదో నొక్కేసినట్టుందండీ" అన్నాను.

ఆదివారం పనికి రానన్నందుకు ఆయనకు ఆమె మీద అప్పటికే కోపం. కావాలనే పాడుచేసిందని తేల్చి, అక్కడికక్కడే మాన్పించేశారు.

సువార్త చెప్పులు వేసుకుంటూ నా దగ్గర ఆగింది. గొంతు పెంచలేదు.

"మీకు తెలుసు మాస్టారూ. ఇంక మీ చేతికి ఇది తెరుచుకోదండీ."

మర్నాడు సెంటర్లో నేను ఆ ప్రోగ్రామ్ తెరవబోతే మెరిసి మూసుకుపోయింది. పక్కన విద్యార్థి నొక్కితే తెరుచుకుంది. తీసేసి మళ్లీ ఎక్కించాను. సేఫ్ మోడ్‌లో చూశాను. వైరస్ కోసం వెతికాను. కొత్త కంప్యూటర్ కొన్నాను. కాకినాడలో ఒకరి ఆఫీసులో, నేనెన్నడూ ముట్టుకోని మెషిన్ మీద కూడా అంతే. మూసుకుపోయే ముందు, ఖాళీగా ఉండాల్సిన మొదటి గడిలో రెప్పపాటు ఆ "లాభం" అన్న మాటే కనబడేది. భ్రమేమో అనుకుని మా ఆవిణ్ణి పక్కన నిలబెట్టాను. ఆవిడా చదివింది.

మాస్టారికే తెరవడం రాదని పిల్లలు నవ్వుకునేవారు. తర్వాత రావడం మానేశారు. సెంటర్ మూసేశాను.

సువార్త కాట్రేనికోనలో టీచరుగా చేస్తోందని చాలా ఏళ్లకు తెలిసి వాళ్లింటికి వెళ్లాను. నేను నోరు తెరవకముందే ఆమే అడిగింది.

"ఇంకా తెరుచుకోవట్లేదాండీ?"

ఆ సంగతి ఆమెకెలా తెలుసో నాకు తెలియదు. మా ఇద్దరినీ ఎరిగినవాళ్లు అటువైపు ఎవరూ లేరు. క్షమించమన్నాను.

"ఆయ్. విన్నానండి. కానీ నాకెందుకండీ చెప్పడం? నాకు తెలిసిందేగా. అబద్ధం ఎక్కడాడేరో అక్కడ చెప్పండి."

కూర్చోమనలేదు. నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే వెనక్కి తిరిగాను. వాకిలి దాకా వచ్చి, "ఉండండి మాస్టారూ, తలుపు నేను తీస్తాను. మీ చేతికి తెరుచుకుంటుందో లేదో" అంది. నవ్వలేదు.

అటునుంచి అటే అంబాజీపేట వెళ్లాను. షావుకారుగారు బాగా పెద్దవారైపోయారు. పనివాళ్లు కాయలు లెక్కపెడుతుంటే రాశి పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు.

ఇప్పుడా ప్రోగ్రామ్ నాకు తెరుచుకుంటుందో లేదో తెలియదు. ఆ తర్వాత ముట్టుకోలేదు, ధైర్యం చాలక. ఇన్నేళ్లూ ఎందుకు తెరుచుకోలేదో కూడా ఇప్పటికీ తెలియదు. షావుకారుగారి ముందు, కొట్టులో అందరూ వినేలా నేను చెప్పింది మాత్రం ఇది:

"సువార్త ఏదీ పాడుచేయలేదండీ. పాడుచేసింది నేను. ఆ పిల్ల మీదకి నెట్టేశాను. నన్ను క్షమించండి."

కాయలు లెక్కపెట్టే మనిషి లెక్క తప్పి, మళ్లీ లాభంతో మొదలుపెట్టాడు.