దుర్గేష్ పేరు మీద

బతూల్‌కి కోపం ఎక్కువని పంజగుట్ట ఆఫీసులో అందరూ అనేవారు. ఆ కోపం ఎందుకొస్తుందో మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

అమెరికా డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపే మాటల్ని హెడ్‌ఫోన్లో విని టైపు చేసే ఆఫీసు అది. కంప్యూటర్ ఉద్యోగమంటే చాలు, ఊరంతా తలతిప్పి చూసే రోజులవి. బతూల్ ఎర్రగడ్డలో కుట్టుమిషన్లు బాగుచేసే అబూబకర్ కూతురు. పొద్దున డిగ్రీ కాలేజీ, మధ్యాహ్నం నుంచి ఉద్యోగం. మందుల పేర్లకి మొదట్లో నోరు తిరిగేది కాదు. కాలేజీ నుంచి ఆఫీసుకి వచ్చే దారిలో సోమాజిగూడలో దిగి, ఆస్పత్రుల ఎదుటి మందుల షాపుల్లో నిలబడి, డబ్బాల మీది పేర్లు చదువుకుని మరీ నేర్చుకుంది. కొనేదేం లేకుండా నిలబడినందుకు షాపువాళ్లు కసురుకున్నా పట్టించుకోలేదు. అంత పట్టుదల గల మనిషి తన సొంత పేరు దగ్గరే మోసపోయింది.

ఆఫీసులో కంప్యూటర్లు తక్కువ, మనుషులెక్కువ. ఒక్కో దాని మీద పొద్దున ఒకరు, మధ్యాహ్నం నుంచి ఇంకొకరు. బతూల్ కుర్చీలో పొద్దుటి పూట దుర్గేష్ కూర్చునేవాడు. ఏలూరు నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉండే కుర్రాడు. ఎవరి పేరు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లు కొట్టి పని మొదలుపెట్టాలని రూలు ఉంది. కానీ ఆ ముసలి కంప్యూటర్ ఒకరి పేరు మూసి ఇంకొకరి పేరు తెరిచేలోపు కిందికెళ్లి చాయ్ తాగి రావచ్చు. పైగా దుర్గేష్ సగంలో ఆపిన ఫైళ్లన్నీ మూసుకుపోతాయి.

"ఎందుకండీ ఈ గోల? తెరిచే ఉంది కదా, నా పేరు మీదే కానిచ్చెయ్యండి" అన్నాడు మొదటి వారంలోనే.

బతూల్ కానిచ్చేసింది. ఆఫీసంతా అదే తంతు. అయితే మిగతావాళ్లు వారం వారం పూటలు మార్చుకునేవారు కాబట్టి అందరి పేరునా ఎంతో కొంత పని పడేది. కాలేజీ వల్ల బతూల్‌ది ఎప్పుడూ మధ్యాహ్నమే. ఏడాదికి పైగా ఆమె టైపు చేసిన ప్రతి అక్షరం దుర్గేష్ ఖాతాలో పడింది. ఇంకా పర్మనెంట్ కాకపోయినా నెల జీతం సరిగ్గా చేతికొచ్చేది కాబట్టి ఆ లెక్క ఆమె ఎప్పుడూ చూసుకోలేదు.

అప్పుడు కొత్త కంప్యూటర్లు దిగాయి. ఆన్ చేయగానే తెర మీద ఆ సీటులో పనిచేసేవాళ్ల పేర్లు, పక్కన చిన్న బొమ్మలు. ఒకరి ఫైళ్లు తెరిచి ఉండగానే ఇంకొకరు తమ పేరు నొక్కి తమ పని చేసుకోవచ్చు. ఎవరిది వాళ్లకే ఉంటుంది. బతూల్ సంబరంగా తన సీటు దగ్గరికి వెళ్లింది. దుర్గేష్ పేరు ఉంది, పక్కన బాతు బొమ్మ ఉంది. అంతే.

"మొగిలన్నా, నా పేరేది?" అని కంప్యూటర్లు బిగిస్తున్న మొగిలయ్యని అడిగింది.

"పైనించి వచ్చిన పేర్లే పెట్టిన చెల్లె. పని చేయనోళ్లవి తీసేసిండ్రట. గాళ్లను పర్మనెంట్ సుత చేయరంట."

బతూల్ చెవుల్లోంచి పొగలొచ్చాయి. నేరుగా మేనేజర్ హనుమత్ప్రసాద్ గారి గదిలోకి వెళ్లింది. ఆయన కాగితాలు చూపించారు. ఆమె పేరున ఏమీ లేదు. దుర్గేష్ మాత్రం ఆఫీసులోనే మొదటివాడు.

"పొద్దుగాల కూసున్నోడు రాత్రి దాకా లేవకుండ టైపు చేసిండా సార్? ఆయనకి తిండి లేదా, నిద్ర లేదా?"

"కష్టపడే కుర్రాడమ్మా" అన్నారాయన, కళ్లు పైకెత్తకుండా.

ఎంత ధైర్యం! రోజూ సాయంత్రం ఆమె కుర్చీ వెనక నిలబడి, "ఆ గుండెజబ్బు కేసు అయిందా బతూల్?" అని ప్రాణం తోడేసింది ఈ మనిషే. ఆయనకి అంతా తెలుసు. నిజం ఒప్పుకుంటే, తన కళ్లముందే రూలు తప్పారని పైవాళ్లకి సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ తలనొప్పి కన్నా ఒక ఆడపిల్ల ఉద్యోగం పోవడమే ఆయనకి తేలిక.

దుర్గేష్‌ని పిలిపించారు. బతూల్ అతని మొహంలోకి చూసింది. ఒక్క మాట నిజం చెబితే చాలు, తన ఉద్యోగం నిలబడుతుంది.

"అప్పుడప్పుడు కూర్చునేవారండి" అన్నాడు చెప్పుల వైపు చూస్తూ.

"అప్పుడప్పుడా? జర సిగ్గుండాలె దుర్గేష్ భాయ్! నీకు జ్వరమొస్తే సుత నీ పాస్‌వర్డ్ కొట్టి నీ పని చేసి పెట్టిన నేను."

"చూశావా, పరాయి పాస్‌వర్డ్ వాడానని నువ్వే ఒప్పుకుంటున్నావు" అన్నారు హనుమత్ప్రసాద్ గారు చటుక్కున. "అదెంత తప్పో తెలుసా? నేను కాబట్టి ఊరుకుంటున్నా. నెలాఖరుకి వెళ్లిపోమ్మా."

బతూల్ నెలాఖరు దాకా ఆగలేదు. హెడ్‌ఫోన్ బల్ల మీద పడేసి ఆ మధ్యాహ్నమే వచ్చేసింది. షేర్ ఆటోలో ఎర్రగడ్డ దాకా ఏడుస్తూనే ఉంది. వాళ్ల మీద కోపం ఒకెత్తు, తన మీద కోపం ఒకెత్తు. తన పేరు తాను కొట్టుకోవడానికి ఒక చాయ్ తాగేంత సేపు ఓపిక పట్టలేకపోయిందే!

పది రోజులు తిరక్కుండానే ఇంటికి ఫోన్ వచ్చింది. హనుమత్ప్రసాద్ గారి గొంతులో తేనె కారుతోంది.

"ఏంటమ్మా, అలా అలిగి వెళ్లిపోతే ఎలా? దుర్గేష్ పని సగానికి పడిపోయింది. అమెరికా వాళ్లు తిడుతున్నారు. రేపు మధ్యాహ్నం నుంచి వచ్చెయ్. నీ పేరు సంగతి తర్వాత చూద్దాం, ప్రస్తుతానికి అతని పేరు మీదే..."

"నేనెందుకు సార్?" అంది బతూల్. "ఆయన్నే కూసోబెట్టుండ్రి. ఇన్ని దినాలు రెండు పూటలు ఆయనే చేసిండు కదా."